ముప్ఫై ఏడో పేజీ

మూట చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పట్టీని బ్లేడుతో తెంచగానే టప్పుమని చప్పుడైంది. ఆయన వెంటనే కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. కొత్త పుస్తకాల వాసన అట్టపెట్టెలోంచి ఒక్కసారిగా బయటికి వచ్చేది అప్పుడే. ఆ తర్వాత పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకున్నా అంత వాసన దొరకదు. నెలకోసారి దక్కే ఈ భాగ్యాన్ని ముప్ఫై మూడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా వదులుకోలేదు. ఒకసారి జలుబు చేసి ముక్కు మూసుకుపోతే, అది తగ్గేదాకా ఏదో ఒక సాకు చెప్పి రెండు రోజులు మూట విప్పకుండా నెట్టుకొచ్చాడు.

నగర గ్రంథాలయంలో పిల్లల విభాగం వెనక ఉన్న గది అది. ఒక పొడవాటి బల్ల, పెరటివైపు తెరుచుకునే కిటికీ, జిగురు డబ్బా, రెండు కుంచెలు, అట్టల మీద వేసే పల్చటి ప్లాస్టిక్ చుట్ట, ఊదారంగు సిరా మెత్త, రెండు రబ్బరు ముద్రలు. ఈ గదిలోకి పుస్తకం దిక్కూ మొక్కూ లేనిదానిలా వస్తుంది. ఒంటి మీద నంబరు, వెన్ను మీద చీటీ, అట్టకు కొత్త చొక్కా వేయించుకుని, నలుగురిలోకి వెళ్ళడానికి తయారై బయటికి పోతుంది.

ఆ చొక్కా తొడిగే మనిషి పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కళ్ళజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకుంటాడు. చొక్కా జేబులో చదరంగా కత్తిరించిన, తడి సిరాను పీల్చే అద్దుడు కాగితాలు ఉంటాయి. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ ఊదారంగులోనే ఉంటుంది. పెళ్ళిపీటల మీద కూడా ఆ వేలు అలాగే ఉందనీ, ఎంత తోమినా రంగు వదల్లేదనీ ఆయన భార్య అందరికీ చెప్పి నవ్వేది. పిల్లలు ఆయన్ని ముద్రల మామయ్య అంటారు. అసలు పేరు జీతాల చీటీ మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఆయన మొదటి పుస్తకం తీసి, వెన్ను బల్లకు ఆనించి నిలబెట్టాడు. ముందు అట్టను ఇటు, వెనక అట్టను అటు వాల్చాడు. మొదటి నుంచి నాలుగు కాగితాలు, చివరి నుంచి నాలుగు కాగితాలు, మళ్ళీ మొదటి నుంచి నాలుగు, ఇలా ఇటూ అటూ వాలుస్తూ, ప్రతిసారీ మడత దగ్గర బొటనవేలితో మెత్తగా రాశాడు. కొత్త పుస్తకాన్ని అమాంతం మధ్యకు తెరిస్తే దాని నడుం విరుగుతుంది. పసిపిల్లకు ఒళ్ళు సాగదీసినట్టు నెమ్మదిగా తెరవాలి. ఈ పని ఆయనకు నేర్పింది అప్పటి లైబ్రేరియన్, ఒక ముక్కోపి పెద్దావిడ. ఆవిడే ముద్రల సంగతి కూడా చెప్పింది. ముఖపత్రం వెనక పెద్ద కోలముద్ర. లోపల ముప్ఫై ఏడో పేజీ అడుగున చిన్న గుండ్రటి ముద్ర, ఆ గుండ్రంలో చేత్తో రాసిన నంబరు. ఎవరైనా పుస్తకం కాజేసి మొదటి కాగితాలు చించేసినా, లోపల ఈ పేజీ సాక్ష్యం చెబుతుందన్నమాట. దీన్ని రహస్య పేజీ అంటారు. బొమ్మల పుస్తకాలకు అన్ని పేజీలు ఉండవు కాబట్టి వాటికి ఏడో పేజీ. "చివరి పేజీ జోలికి మాత్రం పోవద్దు. అది రాసినవాళ్ళది. కథ ఆఖరి మాట పక్కన మన సిరా పడకూడదు," అని ఆవిడ వేలు చూపించి మరీ చెప్పింది. ఆయన ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించాడు.

ముద్ర ఆరేదాకా పేజీ తెరిచి ఉంచాలి. ఆరడానికి పట్టేంతసేపట్లో ఆ పేజీని చదివేయొచ్చు. అలా మొదలైంది ఆయన చదువు. ముప్ఫై మూడేళ్ళుగా పిల్లల కోసం అచ్చయిన ప్రతి కొత్త పుస్తకంలోనూ ఆయన ముప్ఫై ఏడో పేజీ చదివాడు. ముప్ఫై ఆరు చదవలేదు, ముప్ఫై ఎనిమిది చదవలేదు.

ఆ రహస్యం పిల్లలందరికీ తెలుసు. ఊళ్ళో అంత బహిరంగమైన రహస్యం మరొకటి లేదు. పన్నెండేళ్ళు, పదిహేనేళ్ళు వచ్చి పెద్దవాళ్ళ అల్మరాల వైపు దొంగచూపులు చూసే వాళ్ళు కూడా కొత్త పుస్తకం పట్టుకుని ఈ గది గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్ళు. "మామయ్యా, దీంట్లో ముప్ఫై ఏడు ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళు. ఆయన కాసేపు ఆలోచించి, "చేపలు మాట్లాడుకుంటున్నాయి, కానీ దిగులుగా," అనో, "ఒకమ్మాయి మేడమీద ఒక్కతే కూచుని జుట్టు కత్తిరించుకుంటోంది," అనో చెప్పేవాడు. ఆ మాట నచ్చితే పుస్తకం తీసుకునేవాళ్ళు. అట్ట వెనక రాసిన గొప్పలకన్నా ముద్రల మామయ్య ఒక్క మాట మీద వాళ్ళకు గురి ఎక్కువ.

అయిదో పుస్తకం సర్దుతుండగా ఫోను మోగింది. కూతురు. మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో బడిలో సైన్సు చెబుతుంది.

"నాన్నా, మందు వేసుకున్నావా?"

"వేసుకున్నానమ్మా," అన్నాడు. మాత్ర ఇంకా జేబులోనే ఉంది. పోయిన నెలలో గుండెల్లో పట్టేసినట్టయితే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నొప్పి ఏ మాత్రం అనిపించినా ఊరుకుని కూర్చోవద్దనీ, వెంటనే ఎవరికైనా చెప్పాలనీ డాక్టరు రెండుసార్లు చెప్పాడు.

"మూట వచ్చిందా?"

"ఇప్పుడే విప్పా."

"అందులో నాది ఉందా?"

ఆయన జాబితా మీద వేలు పెట్టుకుంటూ కిందికి దిగాడు. నలభై ఆరు పేర్లు. పంతొమ్మిదో పేరు దగ్గర వేలు ఆగింది. కూతురి పేరు అచ్చులో చూడటం ఆయనకు అదే మొదలు.

"ఉంది తల్లీ. పంతొమ్మిదోది."

కూతురు మెల్లగా అంది. "ఒక్కటి అడుగుతాను, కాదనకు. దీన్ని కూడా ముప్ఫై ఏడు చదివేసి పక్కన పెట్టేయకు. మొదట్నుంచి చివరిదాకా చదువు."

"పిల్లల పుస్తకం కదమ్మా. వాళ్ళు చదవాలి గానీ..."

"వాళ్ళ కోసమే రాశాను. కానీ నువ్వు చదవాలి. ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా నేను అక్కడికి వస్తాను. చివర కుదిరిందో లేదో నువ్వే చెప్పాలి."

"చూద్దాంలే."

"చూద్దాంలే కాదు నాన్నా. నువ్వు చూద్దాంలే అన్నది ఏదీ నేనింతవరకూ చూళ్ళేదు."

ఫోను పెట్టేశాక ఆయన ఆ పుస్తకాన్ని వెతకలేదు. వరసలోనే వస్తుంది కదా అనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు భయమేసింది. చివరి పేజీలంటే ఆయనకు భయం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

మొదట్లో పుస్తకం మొత్తం చదవకపోవడానికి తీరిక లేకపోవడమే కారణం. తర్వాత అలవాటైంది. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు భార్య జబ్బుపడి ఆసుపత్రిలో చేరింది. ఐదింటికి పని ముగించుకుని, బడి దగ్గర కూతుర్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళేవాడు. లోపలికి వదిలేది ఆరింటికి. అంతదాకా నడవాలో ఆకుపచ్చ బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఎదురుగా మూసిన తలుపు. పిల్ల ఆ తలుపునే చూస్తూ ఉండేది. ఆ చూపు మరల్చడానికి ఆయన ఆ రోజు చదివిన ముప్ఫై ఏడో పేజీ చెప్పేవాడు. "దానికి ముందేమైంది?" అనేది పిల్ల. ఆయనకు తెలియదు కాబట్టి కల్పించేవాడు. "తర్వాత?" అనేది. అదీ కల్పించేవాడు. సరిగ్గా అప్పుడే నర్సు తలుపు తీసేది. ఆయన లేచి నిలబడి, "మిగతాది రేపు," అనేవాడు.

వాటన్నిటిలోకీ ఎలుగుబంటి కథ పెద్దది. ఏదో పుస్తకంలో ముప్ఫై ఏడో పేజీలో ఒక ఎలుగుబంటి ఎర్ర బాల్చీ పట్టుకుని మంచులో నడిచి పోతోంది. అంతే ఉంది. "ఎక్కడికి?" అంది పిల్ల. ఆయన ఏమీ ఆలోచించకుండా, "వాళ్ళమ్మ దగ్గరికి," అనేశాడు. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. అన్నాక తప్పలేదు. రెండు నెలలు ఆ ఎలుగు నడుస్తూనే ఉంది. అడవులు దాటింది, గడ్డకట్టిన చెరువులు దాటింది, బాల్చీలో మంచును కరగబెట్టుకుని తాగింది. ఆకలేస్తే ఊళ్ళలోకి వచ్చి మర్యాదగా అడిగి తినేది. పిల్ల నవ్వేది. ఎప్పుడు చేరుతుందంటే, "చేరుతుందిలే, చూద్దాం," అనేవాడు. ఒకరోజు నర్సు తలుపు తీసి, పిల్లను బయటే ఉంచి ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి రమ్మంది.

ఆ తర్వాత ఆయన కథలు చెప్పలేదు. పిల్ల అడిగింది. ఎలుగు ఇల్లు చేరిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన నోరు పెగల్లేదు. చేరిందంటే అబద్ధం, చేరలేదంటే పిల్ల మొహం చూడలేడు. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ అమ్మాయే గ్రంథాలయంలోంచి ఆ పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తెచ్చుకుని చదివేసింది. ఎలుగు పుస్తకం చదివిన రోజు మొహం ఎర్రగా చేసుకుని వచ్చింది. "అది వాళ్ళమ్మ దగ్గరికి పోవడం లేదు. బాల్చీలో ఉన్నది రంగు. పక్కింటివాళ్ళ దడికి రంగు వేయడానికి పోతోంది. నువ్వు ఒక్క పుస్తకం కూడా చదవలేదు కదూ?" అంది. తండ్రీకూతుళ్ళు విడిపోలేదు, తగువులాడుకోలేదు. కానీ ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా చిన్న ముల్లు ఒకటి ఉండిపోయింది.

పదకొండు దాటింది. కిటికీ బయట చెట్టు కొమ్మల నీడ బల్ల మీదికి వచ్చి, పుస్తకాల అట్టల మీద అటూ ఇటూ కదులుతోంది. ఆయన చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఏడో పుస్తకంలో ఒక మరమనిషి చచ్చిపోయిన మొక్కకు రోజూ నీళ్ళు పోస్తోంది. పదో పుస్తకంలో పద్నాలుగేళ్ళ కుర్రాడు తండ్రితో మాట్లాడటం మానేసి, చెప్పాల్సినవన్నీ చీటీల మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తున్నాడు. పన్నెండో దాంట్లో కవలలిద్దరు దీవి ఒకటి అద్దెకు తీసుకోవాలని చూస్తున్నారు. పదిహేనో దాంట్లో ఒకమ్మాయి బస్సులో తన నీడను మర్చిపోయి దిగిపోయింది.

పూర్వం ముప్ఫై ఏడో పేజీల్లో రాజులుండేవాళ్ళు, జిత్తులమారి నక్కలుండేవి. చెడ్డవాడికి శాస్తి జరగబోతూ ఉండేది. ఈమధ్య వస్తున్న వాటిలో పిల్లలు గదుల్లో ఒక్కళ్ళే కూర్చుంటున్నారు. అమ్మానాన్నలు వేరువేరు ఇళ్ళలో ఉంటున్నారు. తాతలు పేర్లు మర్చిపోతున్నారు. పిల్లల పుస్తకాల్లో ఇంత దిగులేమిటని ఇప్పటి లైబ్రేరియన్ మేడంగారు ఒకసారి పెదవి విరిచింది. ఆకుపచ్చ బెంచీ మీద కూర్చున్న రోజుల్లో ఇలాంటి పుస్తకాలు ఉంటే బాగుండేదని ఆయన అనుకున్నాడు, పైకి అనలేదు.

ఆయనకు అప్పుడప్పుడూ ఈ పేజీలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇంటికి వెళ్ళే బస్సులో కూర్చుంటే, ఆ అమ్మాయి మర్చిపోయిన నీడ పక్కసీట్లో కనబడుతుంది. దీవి అద్దె కట్టలేని కవలలు ఎలుగును సాయం అడుగుతారు. చేపలు దిగులుగా మాట్లాడుకుంటాయి. దేనికీ మొదలు లేదు, దేనికీ ముగింపు లేదు. అందరూ దారి మధ్యలోనే ఉంటారు, ఎవరికీ ఇంకా ఏమీ కాలేదు. అందులో ఆయనకు ఎంతో హాయి ఉండేది.

పంతొమ్మిదోది చేతికి వచ్చింది. పల్చటి పుస్తకం, నూటపన్నెండు పేజీలు. అట్ట మీద పొడవాటి నడవా, ఒక బెంచీ. బెంచీ ఆకుపచ్చగా ఉంది.

వెన్ను ఆనించి, నాలుగు ఇటు, నాలుగు అటు వాల్చాడు. ఎప్పటికన్నా నెమ్మదిగా వాల్చాడు. ముందు మొదటి పేజీ తెరవాలనే అనుకున్నాడు, కానీ చెయ్యి మాట వినలేదు. ముప్ఫై మూడేళ్ళ అలవాటు మరి. ముప్ఫై ఏడు తెరుచుకుంది. "తలుపు తెరుచుకుంది. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, మిగతాది రేపు అన్నాడు," అని ఉంది పైన. కింద పిల్ల తనలో తను అనుకుంటోంది: "ఆయనకు కూడా తెలియదేమోనని నాకప్పుడు తోచలేదు."

ఆయన గుండ్రటి ముద్ర చేతిలోకి తీసుకుని, మళ్ళీ మెత్త మీద పెట్టేశాడు. ఆ ఒక్క వాక్యాన్ని నాలుగైదుసార్లు చదివాడు. ఇన్నేళ్ళూ కూతురు తనను తప్పుపడుతోందనుకున్నాడు. అది ఎప్పుడో క్షమించేసి, కూర్చుని పుస్తకం రాసుకుంది. ఆయనకు కళ్ళు చెమర్చాయి. పుస్తకాన్ని పుస్తకాల దొంతర అడుగున పెట్టి, ఇరవయ్యో పుస్తకం తీశాడు. నాలుగింటికల్లా కొత్త పుస్తకాలు హాల్లో పెట్టాలి. మొదటి శుక్రవారం అంటే పిల్లలు గేటు దగ్గరే కాచుకుని ఉంటారు.

మధ్యాహ్నం డబ్బా తెరిచి రొట్టె, ఉడికించిన గుడ్డు ముందు పెట్టుకున్నాడు. దొంతర అడుగు నుంచి పుస్తకం లాగాడు. మొదటి పేజీ తెరిచాడు. ఎంత వింతగా ఉందో! ఎప్పుడూ ఇంట్లోకి కిటికీలోంచి తొంగిచూసి వెళ్ళిపోయేవాడు, ఇవాళ వాకిట్లోంచి లోపలికి వెళ్ళినట్టుంది. అక్షరం అక్షరం కూడబలుక్కున్నట్టు చదివాడు. బెంచీ మీద పిల్ల ఉంది. పక్కన ఊదారంగు వేలున్న మనిషి ఉన్నాడు. "ఆయన వేలు చూస్తే ద్రాక్షపండ్లు దొంగిలించి తిన్నవాడిలా ఉంటుంది," అన్న చోట ఆయన పకపకా నవ్వేశాడు. గుడ్డు గుడ్డులాగే ఉండిపోయింది.

నాలుగింటికి నలభై అయిదు పుస్తకాలు చక్రాల బండిలో హాల్లోకి వెళ్ళాయి. మేడంగారు జాబితా సరిచూసుకుంటూ, "బాబాయ్‌గారూ, ఒకటి తక్కువుందే," అంది. నలభై ఏళ్ళావిడ, పని విషయంలో గట్టిది. ఆయన మీద మాత్రం ఆవిడ గట్టితనం అంతంతమాత్రమే.

"జిగురు ఇంకా ఆరలేదండి," అన్నాడాయన.

పళ్ళకు తీగ కట్టించుకున్న పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతె గుమ్మం దాకా వచ్చింది. నోటీసు బోర్డు మీద పేరు, అట్ట బొమ్మ చూసిందట, ఆ బెంచీ బొమ్మ పుస్తకం కావాలట. "దాంట్లో ముప్ఫై ఏడు ఎలా ఉంది మామయ్యా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "దానికొక్కదానికీ అలా అడగకూడదమ్మా," అన్నాడు. "మొత్తం చదవాలి. రేపు రా, నీకే ఇస్తా. జిగురు ఆరలేదు."

ముప్ఫై మూడేళ్ళలో ఒక పుస్తకాన్ని పిల్లలకు అందకుండా ఆపడం ఆయనకు అదే మొదటిసారి. సిగ్గేసింది. అయినా వెనక్కి వచ్చి తలుపు దగ్గరగా వేసి, కుర్చీని కిటికీ పక్కకు లాక్కుని కూర్చున్నాడు.

డెబ్భయ్యో పేజీకి వచ్చేసరికి ఎలుగు కనిపించింది. ఎర్ర బాల్చీ అలాగే ఉంది. ఇరవై రెండేళ్ళ నడకతో దాని బొచ్చు నెరిసింది. పిల్ల పెద్దదై దాన్ని వెతుక్కుంటూ పోతోంది. వాలుతున్న ఎండ కిటికీలోంచి వచ్చి పేజీ మీద పడింది. కొమ్మల నీడ అక్షరాల మీద కదులుతుంటే ఎలుగే కదులుతున్నట్టుంది. హాల్లోంచి పిల్లలు పేజీలు తిప్పుతున్న చప్పుడు సన్నగా వినబడుతోంది. మంచు కురిసినా అంత మెత్తటి చప్పుడే వస్తుందేమో అనుకున్నాడు.

ఎడం భుజంలో బరువుగా అనిపించింది. పొద్దుటి నుంచీ వంగి పని చేశాను కదా అనుకున్నాడు. ఎనభయ్యో పేజీలో ఆ బరువు మోచేతి దాకా దిగింది. నుదుటి మీద చెమట పట్టింది. డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. మేడంగారి బల్ల ఇక్కడికి ఇరవై అడుగులు, పిలిస్తే పలుకుతుంది. జేబులోంచి మాత్ర తీసి నీళ్ళు లేకుండానే మింగాడు. లేవబోయి, పుస్తకం వంక చూశాడు. ఎలుగు చివరి చెరువు ఒడ్డున నిలబడి ఉంది, అవతలి గట్టున ఇళ్ళలో దీపాలు కనబడుతున్నాయి. ఇంకా ముప్ఫై పేజీలే.

చేరిందో లేదో తెలుసుకోకుండా లేవడం ఆయనకు ఇంతకు ముందు ఎప్పుడూ కష్టం కాలేదు. ఇవాళ కాళ్ళు రాలేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ పిల్ల అడిగినప్పుడు తను ఇవ్వలేని జవాబు ఈ ముప్ఫై పేజీల అవతల ఉంది. ఆరింటికి కూతురు వచ్చి అడిగితే ఇక చూద్దాంలే అనకూడదు. కళ్ళజోడు సవరించుకుని, పేజీ తిప్పాడు. మంచు గడ్డ మీద ఎలుగు మొదటి అడుగు వేసింది. గడ్డ కిర్రుమంది కానీ విరగలేదు.

అయిదుంబావుకు మేడంగారు తలుపు తోసింది. "బాబాయ్‌గారూ, ఇంకా ఇంటికి..." అంటూనే ఆగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తల కిటికీ వైపు తిప్పి ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. పుస్తకం బల్ల అంచుకు సరిగ్గా ఆనించి, మూసి పెట్టి ఉంది. ఆవిడ మరోసారి పిలిచింది, చెయ్యి పట్టుకుని చూసింది. తర్వాత హాల్లోకి వెళ్ళి, పిల్లలు బెదిరిపోకుండా మామూలు గొంతుతోనే, ఇవాళ కాస్త ముందుగా మూసేస్తున్నామని చెప్పింది. చేతిలో ఉన్న పుస్తకాలు ఎవరివి వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళారు.

ఆరింటికి పది నిమిషాలు తక్కువగా కూతురు గేటు తీసుకుని లోపలికి వచ్చింది. మెట్ల మీద ఎదురుచూస్తూ నిలబడ్డ మేడంగారిని చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

వారం తర్వాత, తండ్రి వస్తువులు తీసుకెళ్ళడానికి కూతురు మళ్ళీ వచ్చింది. అన్నం డబ్బా, గొడుగు, పాత కళ్ళజోడు, కత్తిరించిన అద్దుడు కాగితాల కట్ట. మేడంగారు వాటిని సంచిలో సర్దిపెట్టింది. పుస్తకం బల్ల మీదే, ఆ రోజు ఎక్కడుందో అక్కడే ఉంది.

"ఇదొక్కటీ అల్మరాలోకి వెళ్ళలేదమ్మా," అంది మేడంగారు మొహమాటంగా. "అట్ట వేశారు, చీటీ అంటించారు. రహస్య పేజీ ముద్ర మాత్రం పడలేదు. ఆయన మర్చిపోయిన పుస్తకం ఇదొక్కటే. వేరేవాళ్ళ చేత వేయించడానికి నాకు మనసు రాలేదు. నువ్వే వేస్తావా?"

కూతురు పుస్తకం తీసుకుంది. ముప్ఫై ఏడు తెరిచింది. అడుగున చోటు తెల్లగా ఉంది. ఇన్నేళ్ళలో ఎవరి పుస్తకానికీ చేయని అన్యాయం నా పుస్తకానికే చేశాడా అనుకుంది. మొత్తం చదవమంటే ముప్ఫై ఏడు దాకా కూడా రాలేదన్నమాట. చనిపోయిన మనిషి మీద ఈ ఉక్రోషం ఏమిటని తనను తనే తిట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. మేడంగారు నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళింది.

ఆమె సిరా మెత్త మూత తీసింది. గుండ్రటి ముద్రను అద్దింది. ముద్ర వేసే ముందు, తన పుస్తకం ఎలా ముగిసిందో తనకే గుర్తులేనట్టు, చివరి పేజీ ఒకసారి తిప్పి చూసింది.

చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. "ఎలుగు ఇల్లు చేరింది," అన్న ఆఖరి వాక్యం కింద, ముప్ఫై మూడేళ్ళలో ఒక్కసారి కూడా సిరా పడని చోట, గుండ్రటి ఊదారంగు ముద్ర ఉంది. లోపల తండ్రి చేతిరాతలో, కాస్త వణికిన నంబరు ఉంది. అద్దుడు కాగితం పెట్టడానికి ఆగలేదేమో, ఆరకముందే పుస్తకం మూసినందుకు, ఎదుటి తెల్లకాగితం మీద కూడా అదే ముద్ర, తిరగబడి, లేత ఊదారంగులో పడి ఉంది.